గోడతో సహా హాజరు కావలెను

టీచర్ పోస్టుల మెగా డీఎస్సీ లెక్కని ఇప్పటికి అందరూ కూడి చూసే ఉంటారు. నేనూ కూడాను. 2024 జూన్ నాటి ప్రకటనలో ఎస్జీటీలు 6,371, స్కూల్ అసిస్టెంట్లు 7,725, టీజీటీలు 1,781, పీజీటీలు 286, ప్రిన్సిపాళ్లు 52, పీఈటీలు 132. వెరసి 16,347. అణా పైసల్తో సహా సరిపోయింది. అప్పుడు తొలి సంతకం పడిన ఆ మొత్తం, నోటిఫికేషన్ వచ్చిన 2025 ఏప్రిల్ 20న, ముఖ్యమంత్రి చంద్రబాబు గారి 75వ పుట్టినరోజు నాటికి, ఒక్కటి పెరగలేదు, ఒక్కటి తరగలేదు. ఆ పట్టికలో డ్రాయింగ్ మాస్టారి వరస కోసం కళ్లద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. లేదు. సున్నా వెయ్యాలన్నా ఒక గడి ఉండాలి కదా. ఆ గడి కూడా లేదు.

దాంతో మా శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లలో కుంచె పట్టినవాళ్లంతా డీలా పడిపోయారు. సర్కారుకి బొమ్మలేసేవాడి అవసరం లేదని తీర్మానించేసుకున్నారు. శుద్ధ తప్పు. ఈ రాష్ట్రంలో సర్కారంతటి రంగుల యజమాని ఇంకొకరు లేరు. సినిమావాళ్లు ఒక సెట్టుకి ఒకసారే రంగేయిస్తారు. మన సర్కారు అదే గోడకి అయిదేళ్లకోసారి, కోర్టు గట్టిగా అడిగితే ఏడాదికి మూడుసార్లు కూడా వేయిస్తుంది. ఇంత పని ఇచ్చే యజమాని దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్తే ఎలా? పోర్ట్‌ఫోలియో ఉండాలి.

పోర్ట్‌ఫోలియో ఎలా చెయ్యాలో చెప్పే గురువులు హైదరాబాద్‌లో బోలెడుమంది. బొమ్మలు పదిహేనో ఇరవయ్యో చాలంటారు. అన్నిటికన్నా మంచిది మొదట పెట్టమంటారు, దాని తర్వాతి మంచిది చివర పెట్టమంటారు. పూర్తయిన బొమ్మ ఒక్కటే కాదు, అది తయారైన దశలు కూడా చూపించమంటారు. నీ కళ గురించి నువ్వే నాలుగు ముక్కలు రాసి జతచెయ్యమంటారు. యానిమేషన్ స్టూడియోకో గేమింగ్ కంపెనీకో అయితే ఈ సలహాలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. మన యజమాని దగ్గర చిక్కేమిటంటే, ఆయన కోసం మనవాళ్లు చేసిన పని ఫైల్లో ఉండదు, గోడ మీద ఉంటుంది. కాబట్టి నా సలహా ఒకటే. గోడని కోసి పట్టుకెళ్లండి.

నవ్వకండి. మా ఎరికలో ఒక ఆర్టిస్టు ఉన్నాడు. డ్రాయింగ్ హయ్యర్ పాసయ్యాడు, టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) చేశాడు, చేతిలో పని ఉంది. ఆమదాలవలస నుంచి పాలకొండ దాకా రోడ్డు పక్కన కనిపించే సర్కారీ రాతల్లో సగం తనవేనని చెప్పుకుంటాడు. ఆయన్ని కూర్చోబెట్టి పోర్ట్‌ఫోలియో పథకం వేశాం. మూడు గోడలు చాలని తేల్చాం. ఒకటి బడి గోడ, రెండోది ఆసుపత్రి గోడ, మూడోది గ్రామ సచివాలయం గోడ. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం. అలాంటి ఇటుక గోడ ఒక్కోటి సుమారు నాలుగు టన్నులు తూగుతుంది. మూడూ కలిపి పన్నెండు. పది టైర్ల లారీ ఒకటి సరిపోతుంది.

మొదటిది బడి గోడ. మధ్యాహ్న భోజనం పట్టిక రాసిన గోడన్నమాట. సుద్దపొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తెల్లటి గీత పడుతుంది. ఆ గీత మీద నిలబడతాయి అక్షరాలు. పైన కనిపించేది 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం'. కిటికీలోంచి ఎండ పక్కవాటుగా పడినప్పుడు చూస్తే, ఆ పల్చటి పూతలోంచి పాత 'జ' ఒకటి తొంగి చూస్తుంది. అది 'జగనన్న గోరుముద్ద' తాలూకు 'జ'. ఇంకాస్త గోకితే ఉత్త 'మధ్యాహ్న భోజనం' వస్తుంది.

"పేర్లు మార్సినారు గానీ బావూ, గుడ్డు బొమ్మ జోలికి ఎవులూ రాలేదు. మూడు పేర్లకీ నాను ఏసిన ఆ ఒక్క గుడ్డే," అన్నాడు ఆర్టిస్టు. తన కళలో కాలానికి నిలిచింది అదొక్కటేనని ఆయనకి కాస్త గర్వం కూడా.

"దాన్నే మొదటి పేజీ చేద్దాం," అన్నాను.

రెండోది ఆసుపత్రి గోడ. ఇది దశలు చూపించడానికి. అట్టడుగున 2007 నాటి 'రాజీవ్ ఆరోగ్యశ్రీ'. దాని మీద 'ఎన్టీఆర్ వైద్య సేవ'. 2019లో దాని మీద 'వైఎస్సార్ ఆరోగ్యశ్రీ'. 2024లో మళ్లీ 'ఎన్టీఆర్ వైద్య సేవ'. నాలుగు పూతలు, మూడు పేర్లు, ఒక్క పథకం. లప్పం పెట్టి, ఎమరీ పేపరు రుద్ది, ప్రైమర్ కొట్టి, పొడుగ్గా రాసిన ఆ అక్షరాల పొందిక చూస్తే ముచ్చటేస్తుంది.

"నాలుగోపాలి నాను రాయనేదు బావూ," అన్నాడు ఆర్టిస్టు గొంతు తగ్గించి. "పై పూత గోకేసినాను. కిందన పాతది సుబ్బరంగా ఉంది. బిల్లు మాత్రం కొత్తదే ఎట్టినాను."

ఇటలీలో పాత చర్చిల గోడల మీద ఇదే పని చేసేవాళ్లని పునరుద్ధరణ నిపుణులంటారు. పోర్ట్‌ఫోలియోలో దీన్ని 'ప్రత్యేక నైపుణ్యాలు' కింద చేర్చాం.

మూడోది సచివాలయం గోడ. ఇదే మా తురుపుముక్క. మొదట మూడు రంగులు. 2020 మార్చిలో హైకోర్టు ఇవి అధికార పార్టీ రంగులు, తీసెయ్యమంది. సుప్రీంకోర్టు కూడా అదే అంది. సర్కారు తీసిందా? మూడు రంగుల కింద ఎర్రమట్టి రంగు పట్టీ ఒకటి చేర్చి, జీవో 623 ఇచ్చింది. నీలం నీళ్లకి గుర్తట, ఆకుపచ్చ పంటలకి గుర్తట, తెలుపు పాలకి, ఎర్రమట్టి నేలకి. మేలో హైకోర్టు ఆ జీవోనీ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల గడువు పెట్టి మొత్తం చెరిపెయ్యమంది.

తన కళ గురించి నాలుగు ముక్కలు రాసుకోవాలన్నారు కదా గురువులు. అదెలాగో తెలీక మా ఆర్టిస్టు నాలుగు రోజులు బుర్ర గోక్కున్నాడు. నేను ఆ జీవో కాపీ తెచ్చి చేతిలో పెట్టాను. చూడండి, రంగుకో అర్థం, అర్థానికో రంగు, కింద ప్రభుత్వ ముద్ర. ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేసినవాడు కూడా తన బొమ్మకి ఇంత చక్కటి వ్యాఖ్యానం రాసుకోలేడు. రాష్ట్ర సచివాలయంలో ఇంతటి కళా విమర్శకులుండగా బడికి డ్రాయింగ్ మాస్టారు ఎందుకు దండగ అని వాళ్లకి అనిపించిందంటే, అనిపించదూ మరి.

లారీ కదిలింది. నాతవలస టోల్ గేటు దగ్గర ఆపి లోడేమిటని అడిగారు. "పోర్ట్‌ఫోలియో," అన్నాడు ఆర్టిస్టు. "ఇటుకలా, బొమ్మలా?" అన్నారు. "సర్కారు పని," అన్నాడు. వదిలేశారు.

అమరావతిలో ఇంటర్వ్యూ బోర్డు ముందు గోడలు దింపాం. సభ్యుల్లో ఒకాయన లేచి, కళ్లద్దాలు పైకెత్తి, గుడ్డు బొమ్మని మెచ్చుకున్నారు. ఇంకొకాయన మాత్రం రంగు గోడ దగ్గరికి రావడానికి భయపడ్డారు. కోర్టు ధిక్కారం అవుతుందేమోనని ఆయన బెంగ.

"అనుభవం ఎంత?" అని అడిగారు.

"అయిదుగురు ముక్కిమంత్రులు బావూ," అన్నాడు ఆర్టిస్టు.

"అన్నీ మా పనులే కనిపిస్తున్నాయి. నీ సొంత పని ఏదైనా ఉందా?"

"ఉంది బావూ. బడి గోడ మీద, అన్నిటికంటే అడుగున. పార్ట్‌టైము మేస్టరుగా ఉన్నప్పుడు పిల్లల్చేత ఏయించినాను. నెమలి."

లప్పం పట్టీ తెప్పించి గోకించారు. సీతమ్మ గారు రాలారు, గోరుముద్ద రాలింది, మధ్యాహ్న భోజనం రాలింది. ఎన్నికల కోడ్ నాటి తెల్ల సున్నం రాలింది. అడుగున నెమలి బయటపడింది. ఈకకో రకంగా ఉంది, పిల్లలు కదా. ఒక కన్ను ముక్కు మీదికి జారింది. బోర్డు వారు చాలాసేపు చూశారు.

"దీనికి జీవో ఉందా?" అని అడిగారు.

లేదన్నాడు ఆర్టిస్టు. గోడలు వెనక్కి తీసుకెళ్లమన్నారు. లారీ కిరాయి మాదే.

గోడ మీద బొమ్మని చూపించి యజమాని మెప్పు పొందడం మా వైపు కొత్తేం కాదు. సీతంపేట ఏజెన్సీకి వెళ్తే సవరలు ఇంటి గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు వెయ్యడం కనిపిస్తుంది. ఆ బొమ్మ వేయించుకునేవాళ్లు చచ్చిపోయిన పెద్దలు, దేవతలు. సరిహద్దుకి అవతలి ఒడిశా సవర కొండల్లో తిరిగి 1955లో పుస్తకం అచ్చువేసిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ వ్యవహారమంతా రాశాడు. బొమ్మ పూర్తయ్యాక దాన్ని ఆ పెద్దకి నివేదిస్తారు. ఆ పెద్ద చూసుకుని, ఫలానాది తక్కువైంది అంటే చిత్రకారుడు మళ్లీ దాన్ని చేర్చాలి. ఆ బొమ్మల్లో సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఉంటాయి. అంటే అక్కడ చచ్చినవాళ్లు సైతం బొమ్మని చివరిదాకా చూస్తారు, ఆలోచిస్తారు, మాట చెబుతారు. ఇక్కడ బతికున్నవాళ్లకి తీరిక లేదు.

పోనీ, అడిగినవాడిదే తప్పా? వాడు గాల్లోంచి వచ్చి ఉద్యోగం అడగలేదు. డ్రాయింగ్ లోయర్ పరీక్ష పెట్టేది ఈ ప్రభుత్వమే. హయ్యర్ పరీక్ష పెట్టేదీ ఈ ప్రభుత్వ పరీక్షల విభాగమే. నడివేసవిలో నలభై రెండు రోజులు టీటీసీ శిక్షణ ఇచ్చేదీ అదే. ప్రతిదానికీ ఫీజు కట్టించుకుంటారు. నువ్వు బడిలో బొమ్మలు నేర్పడానికి అర్హుడివని ముద్ర కొట్టి కాగితం ఇస్తారు. పాలకొండ నుంచో సాలూరు నుంచో బస్సెక్కి, తెలిసినవాళ్లింట్లో పడుకుని, నెలన్నర కూలి వదులుకుని ఆ కాగితం తెచ్చుకుంటాడు కుర్రాడు. తీరా నోటిఫికేషన్ వచ్చాక చూస్తే తన వరసే లేదు. ఏళ్లు గడుస్తాయి, పార్టీలు మారతాయి, పరీక్షలు మాత్రం ఆగవు. ఇది ఈ ఒక్క సర్కారు పాపమే అనను. కింద నుంచి పై దాకా ఆ గోడ మీద ఉన్న ప్రతి పూతదీ ఇందులో వాటా ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి ఆర్ట్ నేర్పే పార్ట్‌టైము మాస్టారు ఉండాలని అందులోనే రాసి ఉంది. కనీసం అనుకుని రాసిన ఆ పార్ట్‌టైమునే మనవాళ్లు గరిష్ఠం చేసేశారు. అక్కడితో ఆగిపోయారు. కళలు, శాస్త్రాలు అని గోడలు కట్టొద్దని 2020 జాతీయ విద్యావిధానం అంటే చప్పట్లు కొట్టారు. పదో తరగతి జీవశాస్త్రంలో గుండె బొమ్మకి మార్కులున్నాయి. ఆ గుండె గీయడానికి పెన్సిలు ఎలా పట్టుకోవాలో పదేళ్లలో ఒక్క రోజు కూడా ఎవరూ చెప్పని పిల్లలు మా ఏజెన్సీలో ఎంతమందో. మార్కులు పోయేది ఆ పిల్లలకి. అధికారులకి కాదు.

చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వపా) శ్రీకాకుళంలో పుట్టాడని సభల్లో చెప్పుకుని పొంగిపోతాం. ఆయన తండ్రి దగ్గరే కుంచె పట్టడం నేర్చుకున్నాడు. ఇంకో చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు విజయనగరంలో తానే బడి పెట్టి బొమ్మలు నేర్పాడు. ఇంట్లో నేర్పే తండ్రి ఉన్నవాడికి, ఊళ్లో పైడిరాజు ఉన్నవాడికి ఏ ఢోకా లేదు. ఆ రెండూ లేని పిల్లల కోసమే కదా సర్కారు బడి ఉన్నది? వాళ్లలో ఒక వపా ఉన్నాడో లేడో తెలుసుకోవడానికైనా బడికి ఒక మనిషి కావాలి. గోడలకి రంగులు మార్చడానికి ప్రతి సర్కారుకీ డబ్బు దొరుకుతుంది. ఆ మనిషికి జీతం ఇవ్వాలంటే మాత్రం ఖజానా ఖాళీ.

కాబట్టి విద్యాశాఖకి నాదొక్కటే మాట. డ్రాయింగ్ మాస్టారు పోస్టులైనా వెయ్యండి, ఆ లోయరూ హయ్యరూ టీటీసీలైనా ఆపండి. ఇవ్వని ఉద్యోగానికి అర్హత పరీక్ష పెట్టి, కూలీనాలీ చేసుకునేవాడి కొడుకు దగ్గర ఫీజు పుచ్చుకోవడం ప్రైవేటు వాడు చేస్తే పోలీసు కేసవుతుంది. మీరు చేస్తే మాత్రం ఎందుకు కాకూడదు?