మూడు గీతల విభూతి

బొమ్మ చూస్తే చాలు, అక్షరం రాకపోయినా పని అయిపోతుందట. మెనూలు పాతకాలపు సరుకట. యాప్‌లు తయారుచేసే మేధావులు సెలవిచ్చాక కాదనడానికి చిలకలూరిపేట వాళ్లం మనమెంత? బస్సు మీద ఊరి పేరు అక్షరాల్లో రాసుకునే అనాగరికులం. రేపటినుంచి బొమ్మలే వేయిద్దాం. మన పేటకు చిలక, గుంటూరుకు మిరపకాయ. రెండూ ఒకే బోర్డు మీద పడితే జనం బస్సెక్కుతారో, జోస్యం అడుగుతారో! ఇక నరసరావుపేటకు నరసరావుగారి ముఖం వేయాలి. ఆ జమీందారును గుర్తుపట్టే ప్రయాణికుడు ఒక్కడు దొరికినా బస్సు కదిలిస్తాం.

మొన్న మా బాబాయికి కొత్త ఫోను కొన్నాం. తెర మూలన మూడు అడ్డగీతలు కనపడగానే కళ్లకద్దుకున్నాడు. కోటప్పకొండ నీడన పెరిగిన మనిషికి అవి విభూతి రేఖలు కాక మరేమవుతాయి? ఇంకో మూల నిలువుగా మూడు చుక్కలుంటే త్రికోటేశ్వరస్వామి శిఖరాలన్నాడు. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ ఆ గీతలు గీసింది జాబితాలోని వరసలకు గుర్తుగా. అమెరికా వాళ్లకు అందులో హాంబర్గర్ కనిపించింది. ఎవరి ఆకలి వాళ్లది, ఎవరి భక్తి వాళ్లది. నేను నొక్కి చూద్దును కదా, లోపల ఏముంది? మెనూ! పెద్దకర్మ కూడా చేసేసిన మెనూ, బొమ్మ చాటున నిక్షేపంగా కూర్చుని ఉంది.

సేవ్ చేయాలంటే ఫ్లాపీ బొమ్మ. సోనీ ఫ్లాపీల అమ్మకం ఆపేసిందే 2011లో. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు అది వాషింగ్ మెషీన్. అర్థం కాకపోతే మౌసు బాణం దానిమీద కాసేపు ఆపమంటారు, పేరు కనిపిస్తుందట. అక్షరాలు వద్దని గీసిన బొమ్మకు మళ్లీ అక్షరాలతోనే నామకరణం!

విండోస్‌కు 1989లో వచ్చిన మొదటి వర్డ్‌లో బొమ్మల పట్టీలు, అదే టూల్‌బార్లు, 2. 2003 నాటికి 31. కోటప్పకొండ శివరాత్రి ప్రభలు నయం, ఏ ఊరిదో పేరైనా రాసి ఉంటుంది. ఆఫీస్ 2007లో మెనూలనూ టూల్‌బార్లనూ ఊడ్చేసి రిబ్బన్ కట్టారు. తీరా చూస్తే అందులో చాలా బొమ్మల కింద పేర్లు!

మా వీధి డీటీపీ కుర్రాడు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే శుభలేఖలు చేస్తాడు. వేళ్లు కీబోర్డు దిగవు, మౌసు మీద దుమ్ము. ఎక్కడ నేర్చావని అడిగా. “నేర్చుకునేదేముందన్నా? మెనూలో ప్లేస్ అన్న మాట పక్కనే కంట్రోల్ డి అని రాసుందిగా. చూసీ చూసీ వచ్చేసింది” అన్నాడు. టూల్‌బార్‌లోని బొమ్మను ఇరవై ఏళ్లు పొడిచినా వచ్చేది ఆ బొమ్మను పొడవడమే.

బాబాయి అదీ చేయడు. విభూతిని వేలితో పొడవడం అపచారమట. నొక్కాల్సి వచ్చినప్పుడల్లా ఫోను నా చేతికిచ్చి, అటు తిరిగి నిలబడుతున్నాడు.