ఆరో వరస

ఆ పెద్దాయన మొదటిసారి మా బ్రాంచికి వచ్చింది 2025 జూలైలో. తొలకరి పడి, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకులాడే రోజులు. పత్తికొండ అవతలి పల్లె ఆయనది. పైజేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా బల్ల మీద పరిచాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు ఫోన్లో పంపితే ప్రింటు తీయించుకొచ్చాడట.

కెనడా పట్టిక అది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టేవాళ్లు, కొన్ని మినహాయింపులు పోను, దిగిన తర్వాత బతకడానికి సరిపడా డబ్బు తమ దగ్గర ఉందని చూపాలి. ఒక్కరికైతే 15,263 డాలర్లు. నలుగురుంటే 28,362. ఆరుగురుంటే 36,280. ఆ నెల 7 నుంచే ఈ కొత్త అంకెలు అమల్లోకి వచ్చాయి.

"నాలుగో వరస చూడమన్యాడు సార్ మావోడు. ఎంతయితాది మన రూపాయల్లో?"

"పద్దెనిమిది లక్షలకు కాస్త అటూ ఇటూ."

ఆయన ఉలిక్కిపడలేదు. కొడుకు ముందే చెప్పినట్టుంది. పొలం కాగితాలు చూపిస్తే చాలదా అని మాత్రం అడిగాడు. చాలదు. ఇల్లు, పొలం ఎంత విలువ చేసినా ఆ లెక్కలోకి రావు. సీమలో మనిషి కూడబెట్టిందంతా మట్టిలోనే ఉంటుంది, ఆ మట్టిని ఆ పట్టిక చూడదు. ఇది చెప్పడం నాకెప్పుడూ కష్టమే. వడ్డీకి తెచ్చి ఆర్నెల్లు ఖాతాలో నిలబెట్టి చూపించే మనుషులున్నారని వాళ్ల ఊళ్లో ఎవరో చెప్పారట. ఆ పని చెయ్యొద్దన్నాను. అప్పు తెచ్చిన సొమ్ము చెల్లదు. తప్పుడు కాగితం పెట్టారని తేలితే ఐదేళ్లపాటు మళ్లీ దరఖాస్తు చేసుకోనివ్వరు. బ్యాంకు ఇచ్చే ఉత్తరంలో ఖాతా ఎప్పుడు తెరిచారు, ఇప్పుడెంత ఉంది, ఆరు నెలల సగటు ఎంత, అప్పులేమున్నాయి, అన్నీ రాయాలి.

ఇంకోటి కూడా చెప్పాను. భార్యాపిల్లల్ని తర్వాత తీసుకెళ్దాంలే అని కొందరు తలల లెక్క తగ్గించి చూపుతారు, అక్కడ దెబ్బ తింటారు. అందుకని, "కుటుంబంలో ఇప్పుడు వెళ్లకుండా ఇక్కడే ఉండేవాళ్లని కూడా లెక్కలో వేసుకోవాలి పెద్దాయనా" అన్నాను.

"ఈడ ఉండేటోళ్లను గూడానా?"

"వాళ్లను కూడా."

ఆయన కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా రెండెకరాల మెట్ట చేను రిజిస్ట్రేషన్ అయింది. చెక్కు ఆయన ఖాతాలో జమై, అక్కడి నుంచి కొడుకు ఖాతాకు వెళ్లింది. ఆ సొమ్ము అప్పుగా కాదు, ఇష్టపూర్వకంగా ఇచ్చానని, తిరిగి చెల్లించనక్కర్లేదని రాసిన కాగితం మీద సంతకం చేయాలి. కన్నబిడ్డకు ఇచ్చిందాన్ని తిరిగి ఎవరడుగుతారు సార్, దీనికి గూడా కాగితమా అంటూనే, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి పేరు రాశాడు.

మరో పది రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి బోరు కింది అరెకరా అమ్మేశాడు. ఆ ఇంటికి తడి ఉన్న నేల అదొక్కటే. ఐదు లక్షలు.

"ఇదెందుకు అమ్మారు? అవసరమైనంత ఉంది కదా."

"లెక్క తక్కువ పడగూడదు సార్."

డాలరు రేటు పెరిగితే ఇబ్బంది అవుతుందని కొడుకు చెప్పి ఉంటాడనుకున్నాను. ముందుచూపు ఉన్న మనిషి అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

ఆ ఆర్నెల్లూ నెలకోసారి కొడుకు పాస్‌బుక్ ప్రింటు వేయించుకోవడానికి వచ్చేవాడు. అంకె కదల్లేదని చూసుకుని వెళ్లేవాడు. అమ్మిన చేన్నే గుత్తకు తీసుకుని వేరుశనగ వేశానని ఒకసారి చెప్పాడు. విత్తనాలకు చేతిలో రూపాయి లేక, పెద్దామె మెడలో గొలుసు మా బ్రాంచిలోనే కుదువ పెట్టాడు. ఆ కాగితాలు రాసింది నేనే. కొడుకు ఖాతాలో 23 లక్షలు ఉన్నాయి, అందులోంచి పదివేలు తీసి వాడుకోవచ్చు కదా అంటే, చెవులు మూసుకున్నంత పని చేశాడు.

సంక్రాంతి వెళ్లాక, జనవరి ఆఖర్లో, తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. ఉత్తరం సిద్ధం చేసి ముద్ర వేశాను. కొడుకు చదువుకుని తలూపాడు. పెద్దాయన మాత్రం తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. ఖాతాదారు పేరు, చిరునామా, ఖాతా నంబరు, తెరిచిన తేదీ, నిల్వ, ఆరు నెలల సగటు, అప్పులు ఏమీ లేవు.

"అంతేనా సార్? పేర్లు?"

"ఏం పేర్లు?"

"మావి సార్. నాది, మా ఆడామెది."

కొడుకు ఫోన్లోంచి తలెత్తాడు. "నాన్నా, మీ పేర్లు ఎందుకుంటాయి? నేను, తను, పిల్లలు. నలుగురమే కదా."

పెద్దాయన కొడుకు వైపు తిరగలేదు. పైజేబులోంచి పాత కాగితం తీశాడు. మడతలు అరిగి నాలుగు ముక్కలు కావడానికి సిద్ధంగా ఉంది. బల్ల మీద పరిచి వేలు పెట్టాడు. ఆరో వరస కింద, 36,280 కింద, నీలం పెన్నుతో రెండుసార్లు గీసిన గీత ఉంది.

"మేం యాడికీ పోం సార్" అన్నాడు నాతో. "పోకుండా ఈడనే ఉండేటోళ్లు గూడా లెక్కలో ఉండాలని ఆపొద్దు మీరే చెప్తిరి గదా."