కోడిని వదిలాను, షుగరు నన్ను వదల్లేదు

మాంసం మానేసిన మనిషికి ఒక గర్వం వస్తుంది. నమ్మకపోతే మీ ఇంట్లోనో పక్కింట్లోనో కొత్తగా మానేసినవాళ్ళని కాస్త కనిపెట్టి చూడండి. పెళ్ళి భోజనంలో పక్కవాడి విస్తరికేసి జాలిగా చూసి, ఎవరూ అడక్కుండానే "నేను మానేశానండీ" అంటారు. నేనూ అన్నాను. బంధువులతో అన్నాను, ఆఫీసులో అన్నాను, లిఫ్టులో తారసపడ్డ అపరిచితుడితో కూడా అన్నాను. ఆ గర్వం నాచేత ఎన్ని తెలివితక్కువ పనులు చేయించిందో ఇవాళ మీకు దాచకుండా చెప్పేస్తాను. మీరు నవ్వినా ఫరవాలేదు. నవ్వాక మీ కంచం వైపు ఒకసారి చూసుకోండి, అది చాలు.

మాది మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో బాగాన్ డాతో వైపు కొబ్బరి ఎస్టేటు కుటుంబం. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ తోటల్లోనే స్థిరపడ్డారు. నేను చదువుకుని, ఉద్యోగం దొరికి, క్లాంగ్‌లో కుర్చీకి అతుక్కున్నాను. కుర్చీతోపాటు పొట్టా పెరిగింది. ఒకసారి రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 7.1 వచ్చింది. అది దాదాపు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష. మలేషియా వైద్యుల లెక్కలో 6.3 చేరితేనే మధుమేహం. డాక్టరు మూడు మాటలు చెప్పాడు: బరువు తగ్గు, కూరగాయలు బాగా తిను, మెట్‌ఫార్మిన్ మాత్ర మానకు. మూడింటిలో మనసుకు నచ్చిన మాట ఒక్కటే చెవికి ఎక్కడం మనందరికీ ఉన్న జబ్బే. నాకు కూరగాయల మాట వినిపించింది. అది కూడా "మాంసం మానెయ్" అన్నట్టు వినిపించింది.

సమయం కూడా కలిసొచ్చింది. అది తమిళుల పురట్టాసి నెల. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వచ్చే ఆ శనివారాల్లో ఇక్కడి తెలుగిళ్ళలో చాలామంది వెంకన్న పేరు చెప్పి నీచు ముట్టరు. శనివారంతో మొదలుపెట్టి వారమంతటికీ పొడిగించాను. నెల దాటినా కొనసాగించాను. కోడి, చేప, రొయ్య, గుడ్డు అన్నీ బంద్. ఇంట్లో అందరికీ ప్రకటించాను. మా అమ్మాయి మెచ్చుకుంది. మా ఆవిడ మాత్రం "మాంసం మానేశారు సరేనండీ, అన్నం సంగతేంటి?" అని అడిగింది. అసూయ కొద్దీ అడుగుతోందనుకున్నాను. నా షుగరు గురించి మా ఇంట్లో ఎవరైనా వేసిన ప్రశ్నల్లో అంత సూటి ప్రశ్న అదొక్కటే.

ఇంతకీ నేనేం తిన్నానో చూడండి. పొద్దున్నే మామక్ కొట్టులో, అంటే తమిళ ముస్లింల టిఫిన్ దుకాణంలో, రెండు రోటీ చనాయ్, పప్పు, ఒక తే తారిక్. రోటీ అంటే మైదా, కొవ్వు. తే తారిక్ అంటే టీలో చిక్కటి తియ్యపాలు. ఆ పాల బరువులో సగం దాకా చక్కెరే. మధ్యాహ్నం అరిటాకు భోజనం. ఆకు మధ్యలో తెల్లన్నం గోపురం, ఓ పక్కన మూడు కూరలు మూడు చెంచాలు. సాంబారుకి ఒక వాయి, రసానికి ఒక వాయి, మజ్జిగకి ఒక వాయి, మీద అప్పడాలు. సాయంత్రం పిసాంగ్ గోరెంగ్, అంటే పిండిలో ముంచి వేయించిన అరటిపండు. పండే కదా! రాత్రి శాకాహార మటన్ వేసిన వేపుడు నూడుల్స్. ఆ మటన్ సోయా, గోధుమ జిగురు కలిపి చేసింది. నూనెలో వేగాక అసలు మటన్‌కి సాటి. ఇక దూరియన్ కాలం వస్తే చెప్పక్కర్లేదు. చెట్టున కాసింది తింటే తప్పేమిటని ఎదురు వాదించేవాణ్ణి. వంద గ్రాముల దూరియన్‌లో పాతిక గ్రాములకు పైగానే పిండిపదార్థం ఉంటుందని అప్పుడు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మాత్ర మానేశాను. ఎవరూ మానమనలేదు. ఆకు తినేవాడికి మందెందుకని నా అంతట నేనే తీర్పు ఇచ్చుకున్నాను. పరీక్షకి వెళ్ళడమూ మానేశాను. బెల్టు బిగుతైతే బట్టల కంపెనీని అనుమానించాను. రాత్రిళ్ళు రెండేసిసార్లు లేవాల్సి వస్తుంటే నీళ్ళు ఎక్కువ తాగుతున్నానని సంతోషించాను.

ఉగాది వచ్చింది. మా ప్రాంతపు తెలుగువాళ్ళ సభలో ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగు చాలవన్నాను. పట్టు పంచె కట్టుకుని ముప్పావు గంట చెప్పాను. మొక్కల భోజనంతో షుగరు దానంతటదే పోతుందన్నాను, నన్ను చూడండన్నాను, చప్పట్లు కొట్టారు, దిగాను. హాలు చివర ఉచిత రక్తపరీక్ష బల్ల ఉంది. అక్కడున్న కుర్రనర్సు "మావయ్యా, మీరే మొదలుపెట్టండి, అందరికీ ధైర్యం వస్తుంది" అంది. ధైర్యం నా సొత్తు కదా, వేలు చాచాను. సూది గుచ్చింది, చుక్క తీసింది, యంత్రం కూసింది, ఆ పిల్ల ఇంకో వేలు అడిగింది, ఇచ్చాను, మళ్ళీ కూసింది, వెనక వరసలో ఉన్న చెవిటి పెద్దాయన "ఎంతమ్మా?" అని అరిచాడు, ఆయనకి వినపడాలని ఆ పిల్ల అంతకంటే గట్టిగా "పదిహేను పాయింట్ రెండు తాతా!" అంది. ఆంధ్రాలో వాడే మిల్లీగ్రాముల లెక్కలో 270 పైమాటే. నా ఉపన్యాసానికి చప్పట్లు కొట్టిన చేతులన్నీ నోళ్ళ మీదికి వెళ్ళాయి. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని "పదండి, రేపు క్లినిక్‌కి వెళ్దాం" అంది. ఇంకొక్క మాటా అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. కోడిని మానడం నాకు పెద్ద కష్టం కాదు. నిజం చెప్పాలంటే నాకు కోడంటే అంత మోజు లేదు. నా ప్రాణమంతా తెల్లన్నం మీద, తే తారిక్ మీద ఉంది. సులువుగా వదలగలిగిందాన్ని వదిలి దానికి త్యాగమని పేరుపెట్టాను. వదల్లేనిదాన్ని దాని చాటున దాచుకున్నాను. మీరూ ఇలాంటిది ఏదో ఒకటి చేసే ఉంటారు. సిగరెట్టు మానేసినందుకు తీపి, తీపి మానేసినందుకు జంతికలు, ఉపవాసం ఉన్నందుకు రాత్రికి రెట్టింపు ఫలహారం. మనిషి మనసు లంచం లేకుండా మంచిపని చెయ్యదు.

మర్నాడు ప్రభుత్వ క్లినిక్‌కి వెళ్ళాను. పౌరులకి అక్కడ రుసుము ఒక్క రింగిట్. డాక్టరు నన్ను తిట్టలేదు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టి ఆహార నిపుణురాలి దగ్గరికి పంపాడు. మలాయ్ అమ్మాయి, మా అమ్మాయి వయసే. నేను తినేదంతా ఓపిగ్గా రాసుకుని, "అంకుల్, మైదా కూడా మొక్కే, చక్కెర కూడా మొక్కే, తెల్లన్నమూ మొక్కే. మీరు మొక్కలే తింటున్నారు, కానీ ఆకులూ కాయలూ గింజలూ తినట్లేదు" అంది.

ఆ మాట వెనక పెద్ద పరిశోధనే ఉందని తరవాత తెలిసింది. హార్వర్డ్ పరిశోధకులు రెండు లక్షల మందికి పైగా అమెరికా ఆరోగ్య ఉద్యోగుల ఆహారాన్ని రెండు దశాబ్దాలు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ముడి ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పళ్ళు, గింజలు ఎక్కువగా తిన్నవాళ్ళలో మధుమేహం ముప్పు సుమారు 34 శాతం తక్కువగా కనిపించింది. మొక్కల ఆహారమే అయినా మైదా, తీపి పానీయాలు, మిఠాయిల మీద బతికినవాళ్ళలో ముప్పు తగ్గకపోగా 16 శాతం దాకా పెరిగింది. నేను రెండో గుంపులో కూర్చుని మొదటి గుంపు తరఫున ఉపన్యాసం ఇచ్చాను.

సరిగ్గా చేస్తే మొక్కల భోజనం నిజంగానే పనిచేస్తుంది. దాని మీద నా నమ్మకం ఇప్పుడు ఇంకా గట్టిపడింది. 2006లో నీల్ బర్నార్డ్ బృందం మధుమేహం ఉన్న 99 మందిని రెండు గుంపులు చేసి 22 వారాలు చూసింది. నూనె తగ్గించి, పప్పులు, కూరగాయలు, పళ్ళు, ధాన్యాలతో పూర్తి మొక్కల భోజనం చేసిన గుంపులో సగటున ఆరున్నర కిలోల బరువు తగ్గింది. మామూలు మధుమేహ పథ్యం చేసిన గుంపులో మూడు కిలోలు. షుగరు సగటు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ దిగింది. పీచు అన్నాన్ని నిదానంగా అరగనిస్తుంది, కడుపు త్వరగా నిండిందనిపిస్తుంది, బరువు తగ్గితే కాలేయంలో పేరుకున్న కొవ్వు కరిగి ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం మొదలుపెడుతుంది. ఇందులో మాయ లేదు, అడ్డదారీ లేదు.

ఆ అమ్మాయి కాగితం మీద గుండ్రంగా కంచం గీసి చూపించింది. సుకు సుకు సెపారూ. మలేషియా ఆరోగ్య శాఖ ఊరూరా చెప్పే సూత్రమే: కంచంలో పావు అన్నం, పావు పప్పు లాంటి మాంసకృత్తులు, సగం కూరగాయలూ పళ్ళూ. వినడానికి సులువు. ఆ పావు అన్నం దగ్గరే నా కళ్ళు చెమర్చాయి.

ఎందుకో చెబుతాను, మీకే అర్థమవుతుంది. జపానువాళ్ళ పాలనలో, 1942 నుంచి 45 దాకా, మలయాలో బియ్యం కరువై ఎస్టేటు జనం కర్రపెండలం తిని బతికారు. ఆ ఆకలి చూసిన అవ్వలు కంచం నిండా తెల్లన్నం పెట్టడమే ప్రేమనుకున్నారు, మర్యాదనుకున్నారు. మా అమ్మ కూడా అలాగే పెట్టింది. పావు కంచం అన్నం చూడగానే నాకు పేదరికం గుర్తొచ్చింది. అయితే తాతగారు తిన్నది చోడంబలి, పప్పు, పెరటి ఆకుకూర. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొబ్బరికాయలు మోశారు. మేము ఆయన కష్టాన్ని వదిలేసి, ఆయన అందుకోలేని అన్నాన్ని మాత్రం మూడింతలు తెచ్చుకున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో ముందు కూర వడ్డిస్తాం. కాంకుంగ్ అంటారే ఇక్కడ, మన తూటికూర, వెల్లుల్లి వేసి వేపుతుంది మా ఆవిడ. మునగాకు పప్పు, కాకరకాయ, బెండకాయ, ఉడికించిన శనగలు. మలాయ్ పొరుగింటి నుంచి ఉలామ్ నేర్చుకున్నాం: సరస్వతి ఆకు లాంటి పచ్చి ఆకులు, కాయలు కాస్త సంబల్‌తో తినడం. సోయా గింజలు పులియబెట్టి చేసే తెంపే నూనె తక్కువ వేసి కాల్చుకుంటాం. కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే భోజనం తరవాత షుగరు తక్కువ ఎగబాకుతుందని 2015లో న్యూయార్క్ వైద్యులు 11 మంది మీద చిన్న పరీక్ష చేసి చూపించారు. నా వేలి మీద నాకూ అలాగే కనిపించింది. మామక్ కొట్టులో "తే ఓ కోసోంగ్" అంటాను, పాలూ చక్కెరా లేని టీ. మొదట్లో చేదు, తరవాత అలవాటు.

బరువు నెమ్మదిగా దిగింది, షుగరు సగటు ఏడు లోపలికి వచ్చింది. మాత్ర కూడా తోడుంది, దాచను. మీకూ రెండు మాటలు. పూర్తిగా మొక్కల భోజనానికి మారితే బీ12 అందదు, మెట్‌ఫార్మిన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. రక్తంలో ఎంతుందో చూపించుకుని మాత్ర అడగండి. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగరు పడిపోయి ప్రమాదం. మూత్రపిండాల జబ్బు ఉంటే కొన్ని ఆకులూ పళ్ళూ కూడా లెక్క ప్రకారమే. డాక్టరుకి చెప్పే మార్చండి, నాలా తీర్పులు ఇచ్చుకోకండి.

ఇది నా ఒక్కడి కథ అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. 2019 జాతీయ ఆరోగ్య సర్వేలో మలేషియా పెద్దల్లో 18.3 శాతానికి మధుమేహం తేలింది. భారతీయ సంతతిలో అది 31 శాతం పైనే. అదే సర్వేలో చాలినన్ని పళ్ళూ కూరగాయలూ తినని పెద్దలు దాదాపు 95 శాతం. 2023 నాటికి మొత్తం మధుమేహం 15.6 శాతానికి దిగినా, ఉన్నవాళ్ళలో ప్రతి అయిదుగురిలో ఇద్దరికి తమకి ఉన్నట్టే తెలియదు. 2019 జులైలో ప్రభుత్వం తీపి పానీయాల డబ్బాల మీద లీటరుకి 40 సెన్లతో సుంకం మొదలుపెట్టింది. మామక్ కప్పుకి ఆ సుంకం లేదు, అక్కడ చాలనాల్సింది మనమే. మన సభల్లో, గుళ్ళలో, పెళ్ళిళ్ళలో కూరలు దోసిళ్ళతో, అన్నం గరిటెతో వడ్డించే రోజు రావాలని నా కోరిక. వచ్చే ఉగాదికి మా సభలో అలాగే వడ్డించమని ఇప్పటికే అడిగాను.

మీరూ ఏదో ఒకటి మానేసి ఉంటే సంతోషం, గర్వపడండి. ఆ పక్కనే, మానలేక దాచుకున్నది ఏమిటో కూడా నిజాయితీగా చూసుకోండి. పని అక్కడ మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు, రేపు పొద్దున్నే వెళ్ళి ఆ రక్తపరీక్ష చేయించుకోండి.