నైరుతిలో బరువు

కొన్న ఫోను ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. క్యాబ్‌లో మర్చిపోతాం, బకెట్‌లో పడుతుంది, లేదంటే పిల్లల చేతికి చిక్కి ప్రాణం వదులుతుంది. దాని పెట్టె మాత్రం ఎక్కడికీ పోదు. హైటెక్ సిటీ చుట్టుపక్కల, కొండాపూర్ నుంచి నల్లగండ్ల దాకా, ఏ ఫ్లాట్‌లో అటక తలుపు తీసినా ముందు కనిపించేవి ఈ పెట్టెలే. ఎందుకు దాచారని అడిగితే "అమ్మేటప్పుడు పెట్టె ఉంటే మంచి రేటొస్తుందండీ" అంటారు. అలా అమ్మినవాళ్లను నేనింతవరకు చూడలేదు. పాత ఫోను కూడా అదే పెట్టెలో పడుకుని ఉంటుంది. పక్కనే చార్జరు, ముడి విప్పని ఇయర్‌ఫోన్లు, సిమ్ము బయటికి తీసే బుల్లి పిన్ను. ఆ పిన్ను మాత్రం కావలసినప్పుడు ఏ పెట్టెలోనూ దొరకదు. మా ఆవిడ చెవి దుద్దు తీసి ఇస్తుంది.

అలాగని ఈ ప్రాంతానికి పారేయడం రాదని అనడానికి లేదు. మా టవర్లున్న చోట ఒకప్పుడు బండరాళ్లుండేవి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఒకదానిమీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాయన్నట్టు నిలబడి, ఎన్ని యుగాలైనా దొర్లని రాళ్లు. వాటిని కాపాడుకుందామని 1996లోనే కొందరు 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని ఒక సంఘం పెట్టుకున్నారు. 1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత సంగతి చెప్పేదేముంది. మందు పెట్టి పేల్చారు, కంకర చేశారు, ఆ కంకరతోనే శ్లాబులు పోశారు. ఆ శ్లాబు కింద కూర్చుని మేము, పాత వైఫై రౌటర్ తాలూకు అట్టపెట్టె తీసేయాలా వద్దా అని ఇంటిల్లిపాదీ చర్చ పెట్టుకుంటాం. తీర్మానం ఎప్పుడూ ఒకటే: "ఉండనీ, తినడానికి అడుగుతోందా?"

తినడానికి అడగదు గానీ చోటు అడుగుతుంది. మా బాల్కనీలో మొన్నమొన్నటిదాకా ఒక ట్రెడ్‌మిల్ ఉండేది. దాని మీద నడిచిన వాళ్లకంటే ఆరిన లుంగీలు ఎక్కువ. చదరపు అడుగు 10,000 రూపాయలు అనుకున్నా, అది ఆక్రమించిన ఇరవై అడుగుల ఖరీదు రెండు లక్షలు. రెండు లక్షల దండెం మీద తువ్వాలు ఆరేసుకునే భోగం నిజాం నవాబుకైనా ఉందో లేదో.

ఇంట్లో ఎన్ని వాస్తు నియమాలు తప్పామో తెలీదు గానీ, నైరుతిలో బరువుండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అన్నది మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. మా నైరుతి పడకగది అటక మీద ఇత్తడి గంగాళం ఒకటుంది. పాతికమందికి వేణ్ణీళ్లు కాచే గంగాళం, నలుగురమున్న ఇంట్లో, గీజరు పక్కగదిలో. దాని కడుపులో అమెరికా నుంచి మోసుకొచ్చిన 110 వోల్టుల రైస్ కుక్కరు. మన కరెంటు 230 కాబట్టి కుక్కరుకు తోడుగా ఒక ట్రాన్స్‌ఫార్మరు. దాని బరువుకు విమానంలో కట్టిన అదనపు డబ్బుతో ఇక్కడ కొత్త కుక్కరే వచ్చేది. ఆ పక్కన, 2020 మార్చిలో ఆఫీసులు మూతపడి పని ఇంటికొచ్చేసినప్పుడు కొన్న మానిటరు, కుర్చీ, మొన్నమొన్నటిదాకా ఆ కుర్చీ విరిగాక కొన్న ఇంకో కుర్చీ. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా స్టూలెక్కి అటకలోకి తొంగి చూసి, "నైరుతి బాగా కుదిరిందిరా నాన్నా" అని సంతోషించి, తను తెచ్చిన రెండు జాడీలు కూడా అక్కడే పెట్టి దిగుతుంది.

ఇక వైర్ల సంచి. ఇది లేని సాఫ్ట్‌వేర్ ఇల్లు ఉండదు. ఏ వైరు దేనిదో దేవుడికి కూడా తెలీదు, అందుకే తీసేయం. మా వృత్తిలోనూ అంతే. పాత కోడ్‌ను ఎవడూ చెరపడు, కామెంట్ చేసి పక్కన పెడతాడు. చెరిపితే ఎక్కడ ఏది ఆగిపోతుందో, శుక్రవారం సాయంత్రం ఎవడికి ఫోనొస్తుందో అని భయం. పదేళ్ల తర్వాత వచ్చిన కుర్రాడు కూడా ఆ కోడ్‌కు ఒక నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్తాడు. ఈ-వ్యర్థాల మీద కొత్త నిబంధనలు వచ్చాయి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి, వస్తువు తయారుచేసినవాళ్లే దాని అంత్యక్రియల బాధ్యత కూడా చూడాలి. మంచిదే. కానీ శవాన్ని ఇంట్లోవాళ్లు ఇవ్వాలి కదా!

మా ఇంట్లో అన్నిటికంటే విలువైన చెత్త రెండు సత్యాలకు సంబంధించింది. మొదటిది, అమీర్‌పేటలో సత్యం థియేటర్ సందులో కొన్న జిరాక్స్ నోట్సు. నా వయసు ఇంజనీర్లందరూ ఆ సందులోంచి నడిచినవాళ్లే. మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా అన్నీ ఎవరో చేత్తో రాసిన నోట్సుగా దొరికేవి. కాపీకి కాపీ తీసి తీసి, 'ఇన్హెరిటెన్స్' అన్న మాటలో సగం అక్షరాలు ఎగిరిపోయి ఉండేవి. రెండోది, సత్యం కంప్యూటర్స్‌లో చేరినప్పుడు ఇచ్చిన కాఫీ కప్పు. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల గుట్టు రట్టయింది, 2013లో అది టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. థియేటర్ కూడా పోయి ఆ స్థలంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ లేచింది. ఊళ్లో రెండు సత్యాలూ లేవు. మా ఇంట్లో మాత్రం రెండూ భద్రం. కప్పుకు పిడి ఊడింది. రాయని పెన్నులు వేసుకోవడానికి వాడుతున్నాం.

ఒకసారి ధైర్యం చేసి నోట్సు కబాడీవాడికి వేశాను. అతను కాటాకు తగిలించాడు, ముల్లు వణుకుతూ ఆగింది. మూడు కిలోల చిల్లర. నా ఉద్యోగం, పెళ్లి, ఈ ఫ్లాటు ఈఎంఐ, అంతా ఆ మూడు కిలోలలోంచి పుట్టినవే. "ఇంతేనా?" అన్నాను. "పిన్నులు పీకి ఇస్తే ఇంకో రూపాయి ఎక్కువిస్తా సార్" అన్నాడు. పిన్నులు పీకుదామని కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అతను కాసేపు చూసి, పాత న్యూస్‌పేపర్లు మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు.

కప్పు విషయంలో నాకు నోబెల్ బహుమతి గ్రహీతల మద్దతు ఉంది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అచ్చం ఇలాంటి కప్పులతోనే ఒక ప్రయోగం చేసి 1990లో అచ్చేశారు. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు కప్పులిచ్చి ఎంతకమ్ముతారని, లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. చేతిలో కప్పున్నవాళ్లు సుమారు 7 డాలర్లు చెప్పారు. లేనివాళ్లు 3 డాలర్ల దగ్గర బేరం ఆపేశారు. కప్పు అదే, చేతికి రాగానే ధర రెట్టింపు దాటింది. కానెమన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. ఆ మాట మా ఆవిడకు చెబితే, "వాళ్లు ప్రయోగం అయ్యాక ఆ కప్పులేం చేశారో కనుక్కోండి" అంది.

నన్నడిగితే ఆ ప్రొఫెసర్లు సగమే పట్టుకున్నారు. తెలుగువాడు వస్తువును వదల్లేకపోవడానికి కారణం ప్రేమా కాదు, పిసినారితనమూ కాదు. మొహమాటం. ఇచ్చినవాళ్లంటే మొహమాటం, దేవుడంటే మొహమాటం, డబ్బులు పోసి కొన్న నిన్నటి మనమంటే మనకే మొహమాటం.

గృహప్రవేశానికి వచ్చిన గడియారాలనే తీసుకోండి. మాకు వచ్చినన్ని గడియారాలు కాచిగూడ స్టేషన్‌లో కూడా ఉండవు. ప్రతిదాని కింద బంగారు రంగు అక్షరాల్లో ఇచ్చినవాళ్ల పేరుంటుంది, కాబట్టి చేతులు మార్చడానికి వీల్లేదు. మా ఆవిడ దీనికో పద్ధతి పెట్టింది. బాబాయి వస్తున్నాడంటే బాబాయి గడియారం గోడకెక్కుతుంది, మేనమామ వస్తున్నాడంటే మేనమామది. ఒక ఆదివారం ఇద్దరూ చెప్పాపెట్టకుండా ఒకేసారి గేటు దగ్గర దిగారు. సెక్యూరిటీ ఫోను చేసి వాళ్లు లిఫ్టెక్కేలోగా రెండు గడియారాలూ పక్కపక్కన తగిలించాం. టైము సరిచేసే వ్యవధి లేదు. లోపలికొచ్చిన బాబాయి రెండిటినీ మార్చి మార్చి చూసి, "ఇదేంట్రా, ఒకటి పదిన్నర, ఒకటి ఒంటిగంట?" అన్నాడు. "ఒకటి మన టైము బాబాయ్, ఇంకోటి న్యూజెర్సీ, క్లయింటు కోసం" అన్నాను. ఆయన చాలా గర్వపడ్డాడు. న్యూజెర్సీకీ మనకీ రెండున్నర గంటలే తేడా ఏమిటని అడిగే మేనమామ కాఫీ ఊదుకుంటూ ఉన్నాడు, బతికిపోయాను.

దేవుడి దగ్గర ఆ అబద్ధాలు కూడా చెల్లవు. ఇప్పుడు శుభలేఖలు కార్డులు కావు, పెట్టెలు. మూత మీద లేజరుతో చెక్కిన వినాయకుడు, లోపల బాదం పప్పుకొక గది, జీడిపప్పుకొక గది. పప్పులు అరగంటలో అయిపోతాయి, వినాయకుడు ఉండిపోతాడు. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా అని జీహెచ్‌ఎంసీ ఏళ్లుగా చెబుతూనే ఉంది. పసుపు బొట్లు పెట్టిన గణపతి ఏ డబ్బాలోకి వెళ్తాడో చెప్పలేదు. కొందరు తెల్లవారుజామున వాకింగ్‌కు పోతున్నట్టు పోయి రావిచెట్టు కింద వదిలేసి వస్తారు. అందుకే మా వైపు ఏ రావిచెట్టు కింద చూసినా గుడి లేకుండానే దేవుళ్లు కొలువుదీరి ఉంటారు.

మొహమాటం లేకుండా తిరిగేది ఒక్క జాకెట్టు గుడ్డే. శ్రావణంలో మా ఆవిడ అనుమానమొచ్చి, ఒక పచ్చ జాకెట్టు గుడ్డ మూలన పెన్నుతో చుక్క పెట్టి, వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంలో ఇచ్చింది. కార్తీకంలో గచ్చిబౌలి నుంచి ఎవరో తెలిసినావిడ పసుపు కుంకుమతో, చుక్కతో సహా తెచ్చిచ్చింది. మధ్యలో ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎంతమంది ముత్తైదువలు దాన్ని బొట్టు పెట్టి పంపించారో. దానితో ఇంతవరకు ఎవరూ జాకెట్టు కుట్టించుకోలేదు.

పాతవి వదిలించుకోవడానికి మన పెద్దలు ఏకంగా ఒక పండగే పెట్టారు. భోగినాడు విరిగిన కుర్చీలు, చాటలు, తట్టలు తెచ్చి మంటలో వేయాలి. మా గేటెడ్ కమ్యూనిటీలోనూ క్లబ్‌హౌస్ ముందు భోగిమంట వేస్తారు. ప్లాస్టిక్ వద్దు, రంగు వేసిన చెక్క వద్దు, ప్లైవుడ్ వద్దు అని అసోసియేషన్ ముందే సర్క్యులర్ పంపుతుంది, న్యాయమే. తీరా చూస్తే మా ఇళ్లలో ఉన్నవి ఆ మూడే. కాబట్టి కొత్త కట్టెలు కొంటారు. పిడకల దండలు ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. పిడకలు మంటలో పడతాయి. అవి వచ్చిన అట్టపెట్టె గట్టిగా ఉందని మా ఆవిడ ఇంటికి తెచ్చింది.

2023 మేలో కేంద్రం ఊరూరా ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు పెట్టించింది. వాడకం తగ్గించండి, ఉన్నది మళ్లీ వాడండి, పాడైంది మరోలా మార్చండి అని. అప్పటికి 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చి రెండు నెలలే అయింది కనుక, మా వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టగానే "టికెట్లు ఎక్కడ?" అని అడిగారు. సంగతి తెలిశాక గ్రూపు చల్లబడిపోయింది.

ఎక్కువ పోగేసుకోవడం జబ్బేనని, 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ గ్రంథంలో దానికి విడిగా చోటిచ్చారు. సామాను పేరుకుని గదిని గదిగా వాడుకోలేని స్థితి వస్తే అది లక్షణమట. మా గదులన్నీ వాడుకలోనే ఉన్నాయి. వాడలేనిది బాల్కనీ, అది గది కాదు. మా ఆవిడకు ఈ వాదన నచ్చలేదు గానీ, నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి మా ఇంటి సామానుకు దారి చూపేది మా పనామె ఒక్కతే. సిద్దిఖ్‌నగర్ నుంచి వస్తుంది, ఆమె కళ్లలో మొహమాటం అన్నది లేదు. "గిది వాడ్తున్నరా సార్?" అని సూటిగా అడుగుతుంది. మనం నీళ్లు నమిలేలోపు వస్తువు గుమ్మం దాటుతుంది. మిక్సీ అలా పోయింది, రెండో కుర్చీ పోయింది, వాళ్ల తమ్ముడొచ్చి ట్రెడ్‌మిల్ కూడా ఆటోలో వేసుకుపోయాడు. లుంగీలకు కొత్తగా తాడు కట్టుకున్నాం.

ఆ ఊపులో మొన్న దసరాకు నాకూ తెగింపు వచ్చింది. గడియారాల అట్టపెట్టె దించి, దుమ్ము దులిపి, పేర్లున్న రేకులు స్క్రూడ్రైవర్‌తో ఊడబెరికి ఆమె ముందు పెట్టాను. "మంచివి, అన్నీ నడుస్తాయి, పట్టుకుపో" అన్నాను. ఆమె పెట్టెలోకి వంగి చూసి, చీపురు చంకలో పెట్టుకుని నిలబడింది.

"వద్దు సార్. బి బ్లాకు మేడం రెండిచ్చింది, పై ఫ్లోరు సార్ ఒకటిచ్చిండు, పెద్దపండక్కు ఎవరో ఇంకోటిచ్చిన్రు. మాది ఒక్కటే అర్ర, ఎన్ని పెట్టుకోవాలె? మీ ఇల్లు పెద్దగుంటది కద, మీకు గావాల్నంటే జెప్పుండ్రి, నేనే ఒకటి తెస్త."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "పేరు లేనిదేనా?"