చవకకుంచెల పరిగ్రహణ విధానము

ముఖాలంకారమునకు వలయు కుంచెలను స్వల్పవ్యయముతో సంపాదింపగోరు సోదరీమణులకును, వారి వెంట సంచులు మోయుచు సుల్తాన్‌బజారు సందులలో పరధ్యానముగా నడచు భర్తలకును ఉపకరింపవలెనను సదుద్దేశముతో ఈ విధానము రచింపబడినది. ఇందలి నియమములను తు.చ. తప్పక పాటించినవారు ఏడాది తిరుగకమున్నే మూడుమాఱులు కుంచెలు కొని, మేలైన కుంచెలకు పట్టు వెలకంటె అధికముగా వెచ్చించి, అయినను తాము మిక్కిలి చవకగా కొంటిమను తృప్తిని మాత్రము ఇసుమంతయు పోగొట్టుకొనకుండ నుందురని నేను పూచీపడగలను. మితవ్యయశాస్త్రము ఇంతకంటె చేయగల మేలు నాకు కనబడుట లేదు.

కొనుగోలునకు మూలము సంఖ్య. కుంచె యెట్టిది, దాని వెంట్రుక యెట్టిది, పిడి యెట్టిది అను ప్రశ్నలతో కాలము వ్యర్థపఱచుకొనక, సంచిలో నెన్ని యున్నవను నొక్క ప్రశ్ననే వేయవలెను. 12 అనినచో పెదవి విఱువవలెను. 24 అనినచో తక్షణమే ధనము చెల్లింపవలెను. “మూడొందలకు ఇరవై నాలుగు పీసులు, పౌచ్ ఫ్రీ, తీస్కోండి మేడమ్” అని దుకాణదారుడు నల్లని రెక్సిన్ సంచిని నిలువెల్ల విప్పి బల్లపై పఱచినపుడు, మానవముఖమునందు రెండు కన్నులు, రెండు చెక్కిళ్లు, ఒక నాసిక, ఒక నోరు మాత్రమే యున్నవనియు, ఆ యాఱింటికి ఇన్ని కుంచెల పరిచర్య యేలననియు లెక్కవేయు బుద్ధి పుట్టవచ్చును. దానిని మొలకలోనే త్రుంచివేయుడు. పౌడరునకు వెడల్పైన మెత్తని కుంచె యొకటి, చెక్కిళ్ల రంగునకు దానిలో సగము ప్రమాణము గలది యొకటి, కనుఱెప్పలపై రంగుల సరిహద్దులు చెరిపివేయుటకు చిన్నదియు గుండ్రనిదియు నగునది యొకటి, కాటుకరేఖను కనుబొమలను దిద్దుటకు ఏటవాలుగా కత్తిరించిన సన్ననిది యొకటి, ద్రవరూపమగు ఫౌండేషన్ వాడు అలవాటున్నచో వెంట్రుకలు దట్టముగా గూర్చినది మఱియొకటి, ఈ యైదింటితో పని తీరుననియు, వీనిని విడివిడిగా ఎంచి కొన్నచో అంతే ధనమునకు మెరుగైన సరకు దొరకుననియు చెప్పు మితభాషిణులు ప్రతి బంధువర్గమునందును ఒకరిద్దఱుందురు. అట్టివారిని బజారునకు వెంటబెట్టుకొని పోరాదు.

మిగిలిన 19 కుంచెల గతి యేమని చింతింప బనిలేదు. విసనకఱ్ఱ యాకారమున విచ్చుకొన్న కుంచె పూజామందిరములోని పటముల చట్రములపై దుమ్ము దులుపుటకు నియుక్తమగును. పెదవుల కుంచెతో ఇంటి కుఱ్ఱవాడు తన సైన్సు రికార్డులోని మందారపుష్పపు నిలువుకోతకు రంగులు వేయును. కనుబొమలను దువ్వు బుల్లికుంచె మొదటివారముననే సోఫా క్రింద నదృశ్యమై, మరల దీపావళి బూజులు దులుపునపుడు గాని దర్శనమీయదు. తక్కినవి సంచిలోనే యుండి, చుట్టములు వచ్చినపుడు విప్పి చూపుటకు పనికివచ్చును. అదియు నొక పనియే.

కొనుటకు ముందు కుంచెను తాకి చూచుట అవిశ్వాసలక్షణము. ప్లాస్టిక్ తొడుగు విప్పింపక, పిడిమీది గులాబివన్నెను మాత్రమే చూచి నిశ్చయించువారు ఉత్తములు. కొందఱు తొడుగు తీయించి, వెంట్రుకలను చేతి వెనుకభాగమున నొక్కి, అవి విచ్చుకొని మరల తమంతట తాము కూడుకొనుచున్నవో లేదో చూతురు. రెండువ్రేళ్ల నడుమ పట్టి మెల్లగా లాగి, ఎన్ని యూడివచ్చునో లెక్కింతురు. వెంట్రుకలను పిడితో కలుపు లోహపు గొట్టమును అటునిటు త్రిప్పి, అది వదులుగా నున్నదేమో, పిడిని గట్టిగా కఱచిపట్టు నొక్కుగీతలు దానిపై నున్నవో లేవో పరికింతురు. ముక్కునకు చేర్చి జిగురువాసన వేయుచున్నదేమో యని మూర్కొందురు. అంతటితో తనివి తీఱక చెక్కిలిపై నొకమాఱు త్రిప్పి, గుచ్చుకొనుచున్నదని ఫిర్యాదు చేయుదురు. ఈ పరీక్షలన్నిటికిని కలిపి రెండు నిమిషములు పట్టదుగాని, దుకాణదారుని హృదయమునకు కలుగు క్లేశము అపారము.

మాఘమాసపు ముహూర్తములకు ముందు, మేనకోడలి పెండ్లికై తెనాలినుండి నగరమునకు వచ్చిన యొక మేనత్తగారు ఇట్టి సాహసము చేయుచుండగా ప్రక్కబల్ల కడ నిలిచి చూచితిని. ఆమె బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నాలుగైదు నల్లని వెంట్రుకలు నిలిచిపోయినవి. వానిని వెలుతురున కెత్తి ఆమె యడిగినది:

“ఇవేంటి నాయనా?”

“కొత్తగున్నప్పుడు అట్లనే రాల్తయమ్మా. రెండుసార్లు వాడితే సెట్టయితది.”

“సెట్టయ్యేసరికి కట్టె మిగులుద్దా?”

అతడు చలింపక వేఱొక సంచి తీసెను. క్రొత్తకుంచె మొదటి కడుగుడులో రెండుమూడు వెంట్రుకలు విడుచుట సహజమనియు, లాగినపుడెల్ల విడిచినచో గొట్టములోని జిగురు పట్టలేదని యర్థమనియు ఆ యిరువురకును బాగుగనే తెలియును. అయినను బేరము చాలసేపు సాగి, మేనత్తగారు నలువది రూపాయలు తగ్గింపించుకొని, తాను మొదట కాదన్న సంచినే విజయగర్వముతో చంకబెట్టుకొని వెడలిరి. ఇదియే ఆదర్శము: పరీక్ష చేసినను దాని ఫలితమును కొనుగోలులోనికి రానీయరాదు.

వెంట్రుకల జాతిభేదములను గూర్చి కొంత చెప్పక తప్పదు. జంతువుల వెంట్రుకపై కంటికి కనబడని పొలుసులుండును. పొడిరంగు ఆ పొలుసులలో చిక్కుకొని, కొంచెము కొంచెముగా చర్మముపై దిగును. కావుననే మేకవెంట్రుక కుంచెలు పౌడరునకు పేరుపడినవి. చేర్యాల నకాశీలు పటములపై సన్ననిగీతలు దీర్చుటకు ఉడుతవెంట్రుకను పుల్లకు గట్టి వాడుచువచ్చిరి. నైలాను, పాలియెస్టరు పోగులన్ననో నున్ననివి, తడిని పీల్చనివి. ద్రవములకును లేపనములకును అవియే తగును. 1938లో అమెరికావారి టూత్‌బ్రష్షులలో తొలుత ప్రవేశించిన నైలాను పోగు నాటినుండి సన్నబడుచు, మొనదేలుచు వచ్చి, నేడు పొడిరంగులను సైతము చక్కగా పట్టుచున్నది, త్వరగా ఆరును, వెలయు తక్కువ, ఏ ప్రాణికిని దానివలన హాని లేదు. చవకకుంచె కొనువారికి ఇంతకంటె యోగ్యమైనది లేదుగదా యని మీరందురేమో. లేకపోవచ్చును, కాని “ఒరిజినల్ హెయిర్” అని దుకాణదారుడు గొంతు తగ్గించి పలుకునపుడు కలుగు గౌరవము పాలియెస్టరువలన కలుగునా? ఆ ఒరిజినల్ ఏ జంతువుదని మాత్రము అడుగరాదు. అతనికి తెలియదు. ముంగిసవెంట్రుక కుంచెల వ్యాపారము 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున నిషిద్ధమై యుండియు, తనిఖీలలో నవి పట్టుబడుచునే యున్నవి. ఎక్కువ యడిగిన కొలదియు ఎక్కువ తెలియు ప్రమాదము కలదు.

అట్లు గౌరవపూర్వకముగా కొన్న మేకవెంట్రుక కుంచెను ఫౌండేషన్‌లో ముంచుడు. అది సీసాలో సగము తాను త్రాగి, మొగమునకు చాఱలు మాత్రము విడిచి, ఆరిన పిమ్మట బిఱ్ఱబిగిసి, మరల తడిపినపుడు తన పూర్వజన్మమును స్ఫురింపజేయు పరిమళమును గదినిండ వెదజల్లును.

జపానులోని హిరోషిమా ప్రాంతమున కుమానో అను పట్టణము కలదు. అచ్చటి పనివారు కుంచె కొసలను కత్తెరతో సమముగా కత్తిరింపక, వెంట్రుకల సహజమైన మొనలు చెడకుండ, వానిని చేతితో పేర్చియే గుండ్రముగనో కోణాకారముగనో రూపము తెత్తురు. 2011లో మహిళల ప్రపంచకప్పు గెలిచి వచ్చిన తమ ఫుట్‌బాలు క్రీడాకారిణులకు జపాను ప్రభుత్వము ఆ యూరి ముఖాలంకార కుంచెలను బహూకరించినది. మన 300 రూపాయల సంచిలోని కుంచె కత్తెరకు తల యొగ్గినది. మొద్దుబాఱిన దాని కొసలు చెక్కిలిపై కొబ్బరిపీచుతో గిన్నె తోమినట్లు సంచరించును. దానివలన రక్తప్రసరణము వృద్ధియై చెక్కిళ్లు తమంతట తామే ఎఱుపెక్కును గనుక, రంగుడబ్బా వ్యయము కలిసివచ్చును. కుమానోవారికి ఈ సదుపాయము లేదు.

ఇక ప్రయోగము. కుంచెను పౌడరుడబ్బా అడుగంట ముంచి, అంచున తట్టక, నేరుగా మొగమున కెత్తవలెను. తట్టినచో అధికమైన పొడి రాలిపోయి, మిగిలినది పలుచగా పఱచుకొని, వేసికొన్నట్లే తెలియదు. డబ్బిచ్చి కొన్నది పదుగురకు తెలియకున్న ప్రయోజనమేమి? పిడిని కొసవైపున పట్టుకొన్నచో చేతిబరువు తగ్గి రంగు మృదువుగా వ్యాపించునని అలంకరణ నేర్చినవారు చెప్పుదురు. మీరు మెడకడనే పిడికిలి బిగించి పట్టుడు. చెక్కిలి రంగును, నవ్వినపుడు ఉబ్బుచోటనుండి చెవివైపునకు తేలికగా ఎగదీయుట వారి సంప్రదాయము. ఇరుప్రక్కల రూపాయిబిళ్ల ప్రమాణమున రెండు వృత్తములు దిద్ది నిలుపుట మన సంప్రదాయము. ఫౌండేషన్ ఛాయను దుకాణములోని ట్యూబులైటు క్రింద ముంజేతిపై పూసి ఎంచుకొని, మొగమున దవడయెముకవఱకు దిట్టముగా పూసి, అచ్చట ఖండితముగా ఆపవలెను. మెడ తన రంగున తానుండగా మొగము రెండు ఛాయలు ముందునకు సాగిపోవును. పెండ్లి ఆల్బమ్ తిరుగవేయువారు ఈ తలను ఆ మెడపై నెవరు చేర్చిరని విస్మయము నొందినను, వినాయకుని కథ ఎఱిగిన జాతికి ఇందు వింత లేదు. సిలికా పాలు హెచ్చుగా నున్న తెల్లపౌడరును కన్నుల క్రింద మెత్తుటయు మఱవరాదు; అది అద్దములో కనబడదు, కెమెరా ఫ్లాషు పడినపుడు మాత్రము భస్మధారణమువలె తెల్లగా తేలును.

మద్రాసు స్టూడియోల కాలమును ఎత్తిచూపి వాదించువారు కొందఱు కలరు. పీతాంబరముగారు ఎన్.టి. రామారావుగారి మొగమునకు రంగు దిద్దిన ఆ రోజులలో పేరుమోసిన మాక్స్ ఫాక్టర్ పాన్‌కేకు తడిస్పాంజితో అద్దునది. దానికి 24 కుంచెలేవి యని వీరి ప్రశ్న. వారి వెనుక చేయితిరిగిన ఛాయాగ్రాహకులుండిరి. మన వెనుక ఫంక్షన్‌హాలు వీడియోవాడున్నాడు.

కట్టకడపట శౌచవిధి. కుంచెలను కడుగరాదు. 7 మొదలు 10 దినముల కొకసారి కడుగుడని అమెరికా చర్మవైద్యుల సంఘమువారు చెప్పుదురు. చర్మవైద్యులే చర్మవైద్యుని కడకు రాకుండుటకు ఉపాయము చెప్పుట వృత్తిధర్మమునకు ఎంతవఱకు అనుకూలమో వారే ఆలోచించుకొనవలెను. కడుగని కుంచెలో నిన్నటి రంగు, మొన్నటి జిడ్డు, చర్మపు పొట్టు చేరి, సూక్ష్మజీవులు స్థిరనివాసమేర్పఱచుకొని, చెక్కిళ్లపై మొటిమలుగా ప్రత్యక్షమగును, వానిని కప్పుటకు మఱికొంత ఫౌండేషన్, దానిని పూయుటకు మఱికొన్ని కుంచెలు వలయును, వ్యాపారము వర్ధిల్లును. కనుఱెప్పల కుంచె విషయమున ఔదార్యము మఱింత యవసరము. ఒకే కుంచెతో పెండ్లికూతురు, ఆడపడుచు, పిన్ని, పిన్ని కూతురు వరుసగా దిద్దుకొన్నచో, ఒకరికున్న కండ్లకలక అందఱకును సమముగా సంక్రమించి, అప్పగింతల వేళకు ఇంటిల్లిపాది కన్నులు ఎఱ్ఱబడును. ఆడపిల్లపై ఎంత మమకారమో యని వియ్యాలవారు కంట తడిపెట్టుదురు.

కడిగియే తీఱవలెనని పట్టుదల గలవారు సలసల కాగు నీటిలో కుంచెను పిడిదాక ముంచి, ఒక రాత్రి నాననిచ్చి, ఉదయమున గ్లాసులో వెంట్రుకలు పైకుండునట్లు నిలువబెట్టవలెను. నీరు గొట్టములోనికి దిగి జిగురును కరగించును. కట్టెపిడి యుబ్బి రంగు పగులును. మూడవ కడుగుటకు వెంట్రుకలు కుచ్చుగా చేతికి వచ్చును. గోరువెచ్చని నీట కొసలను మాత్రమే తడిపి, పసిపిల్లల షాంపూ చుక్కను అఱచేత వేసికొని మెల్లగా త్రిప్పి, నీరు తేరువఱకు కడిగి, పిండి, తువ్వాలుపై వెంట్రుకలు బల్లయంచు దాటి గాలికుండునట్లు పరుండబెట్టినచో, అదే చవకకుంచె ఏండ్లతరబడి మన్నును; అట్టి ప్రవర్తనమువలన సుల్తాన్‌బజారు వర్తకులకు కలుగు నష్టమును తలచి నేను దానిని సిఫారసు చేయజాలను.

ఇంత చదివియు, ఐదు పాలియెస్టరు కుంచెలే కొందును, లాగి చూచియే కొందును, కడిగియే వాడుదును అని మొండికెత్తువారుందురేని, వారికొక్క మాట: దట్టమైన కుంచె ఆరుటకు రాత్రియంతయు పట్టును. ముహూర్తమునాటి తెల్లవాఱుజామున గాక, ముందుదినము సాయంకాలమే కడిగి పెట్టుకొనుడు.