ఇరవై కిలోల లోపు నిర్దోషి

నేరం రుజువయ్యే దాకా నిందితుడు నిర్దోషే. ఆరోపించినవాడే నిరూపించాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలోని ఈ నియమం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోకీ 104వ సెక్షన్‌గా భద్రంగా చేరింది. అనకాపల్లి జిల్లాలో దీన్ని వర్తింపజేయడానికి అదనంగా ఒక కాటా కావాలి.

బెల్లానికి ఇక్కడ దిమ్మ రంగు చూసి రేటు కడతారు. ఏజెన్సీ నుంచి నర్సీపట్నం మీదుగా హైవే ఎక్కే గంజాయికి రంగుతో పనిలేదు, తూకమే లెక్క. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. ఇక బెయిల్ కావాలంటే 37వ సెక్షన్ గడప దాటాలి. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికెళ్లి మళ్లీ చేయడని జడ్జికి తృప్తి కలగాలి. విచారణ మొదలయ్యేది ఆ తర్వాతే. 19 కిలోలతో దొరికినవాడికి ఈ పరీక్ష లేదు.

బండిలో సరుకు దొరికి, డ్రైవరు సరైన సంజాయిషీ చెప్పలేకపోతే నేరం చేసినట్టే అనుకోమంటుంది 54వ సెక్షన్. తెలిసే చేశాడనుకోమంటుంది 35. ‘ఓనరు తోలమన్నాడు, తోలాను’ అన్నది సంజాయిషీ కిందికి రాదని పోలీసుల అభిప్రాయం. ఈ సెక్షన్లు చెల్లుతాయంటూనే, సరుకు అతని దగ్గరే దొరికిందన్న సంగతి ముందు ప్రాసిక్యూషనే రుజువు చేయాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు మెలిక పెట్టింది. ఆ మెలిక పనిచేసేది కోర్టులో. దానికి ముందు ప్రెస్ మీట్ ఉంటుంది.

టేబుల్ మీద టేపు చుట్టిన ప్యాకెట్లు, దాని వెనక అధికారులు, వాళ్ల వెనక ముసుగులేసుకుని నిందితులు. ముసుగు నిర్దోషిత్వానికి ఇచ్చే గౌరవం. విలేకరులకు పంచే నోట్‌లో మాత్రం పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి.

సరుకుకు ఆపాటి మర్యాదా లేదు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి మండలం కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. మేజిస్ట్రేటు ధ్రువీకరించిన జాబితా, ఫొటోలు, శాంపిళ్లు ఉంటే చాలు, తీర్పు దాకా ఆగక్కర్లేదంటుంది 52ఏ సెక్షన్.

నిర్దోషిత్వం చెక్కుచెదరకుండా ఉండేది ఒక్కరికే. నోట్‌లో చివరి వాక్యం ఆయనదే: అసలు సూత్రధారి పరారీలో ఉన్నాడు. ఆయన దగ్గర ఏమీ దొరకలేదు కనక 54 తగలదు, అరెస్టే లేదు కనక 37తో పనిపడదు. గాలింపు కొనసాగుతోంది.