కిఱ్ఱుతలుపునకు టీకాతాత్పర్యము

మూలము: హారిసొనెంట్.

అవతారిక: కంబమనగా ఇచట పెద్దచెరువుగల కంబము గాదు, పడమటి కనుమల క్రింద, 1895లో ముగిసిన పెరియారు ఆనకట్ట నీటితో వరియు ద్రాక్షయు పండించుకొనుచు, మధుర నాయకరాజుల కాలమునాటి తెలుగును నేటికిని ఇండ్లలో మాటాడుకొనువారున్న అరవదేశపు కంబము. ఆ యూర మా యవ్వ యింటి వీథితలుపు మొదట గొంతు సవరించుకొని, జానెడు తెఱచుకొన్న వెనుక గడప నొరసి ఒకమాఱాగి, పిమ్మట తోక త్రొక్కబడిన పిల్లివలె కూయును. ఆ కూతకు తగిన పేరు వెదకబోయి, ఆంగ్ల నిఘంటువున దుమ్ముపట్టియున్న ఈ పదమును గ్రహించితిమి. 'కిఱ్ఱు' చాలదా యందురేని, చాలును. కాని అప్పుడు వ్యాఖ్యాతకు పనియుండదు.

ప్రతిపదార్థము: హారి = రోమములు నిక్కబొడుచునట్లు; సొనెంట్ = మ్రోగునది.

వ్యుత్పత్తి: లాటినున హోర్రేరె యనగా గగుర్పొడుచుట, సొనారె యనగా ధ్వనించుట. రెండవదానికి మన స్వనశబ్దము జ్ఞాతి, మొదటిదానికి హృషధాతువు. రోమక మహాకవి వర్జిల్ ఈనీడు కావ్యము ఆఱవ సర్గమున నరకద్వారము తెఱచుకొను పట్టున, తలుపు తిరుగు మొనకు ఈ విశేషణమునే తగిలించినాడు. దీనినిబట్టి నరకమునందును తలుపులకు నూనె పెట్టు దిక్కు లేదని తేలుచున్నది.

ఆక్షేపము: హృషధాతువునకు సంతోషమర్థము గదా, కర్ణకఠోరమగు కూతతో దానికేమి చుట్టరికము? సమాధానము: రోమములు నిక్కుటయే దాని పాతయర్థము, పాణినియు రోమముల విషయమున దీనికి ప్రత్యేకముగా నొక సూత్రము చేసినాడు. గీతలో మొదటి అధ్యాయమున అర్జునునకు గలిగిన రోమహర్షము దుఃఖముచేతను, కడపటి అధ్యాయమున సంజయునకు గలిగినది ఆనందముచేతను. ఒడలికి కారణముతో పనిలేదు. లాటినువారు భయమును ఉంచుకొనిరి, మనవారు సంతోషమును ఉంచుకొనిరి, దాయాదుల పంపకము.

విశేషము: ఆలంకారికులు శ్రుతికటువును దోషములలో జేర్చియు, రౌద్రాదులయందు దోషము గాదనిరి. మా తలుపు ఏ రసమున నున్నదో నిర్ణయించుట కష్టము. వేసవి మధ్యాహ్నము కునుకుపట్టిన వేళ మాత్రము రౌద్రము నాయందే యుండును.

తాత్పర్యము: ఒకనాటి సాయంకాలము ఆముదపు సీసాయు కోడియీకయు బట్టుకొని మడతబందుకడ కూర్చుంటిని. ఇనుము ఒరసి ఒరసి అచట వెండివలె మెఱయుచుండెను. అవ్వ చూచి, "వద్దురా అబ్బయ్యా! రాత్రి తోటకు నీళ్లు కట్టి మీ తాత వచ్చినాడో లేదో నాకెట్లా తెలిసేది?" అనెను. ఆమె పాఠమున ధాతువునకు సంస్కృతార్థమే గ్రాహ్యము. సీసా మరల అటక మీదికి బోయెను; ఈక కోడికి అక్కఱలేదు గనుక నా చెవి గోకికొనుటకు మిగిలినది.